డోర్నకల్ బిషప్పు అడిగిన స్నేహం

సికింద్రాబాద్‌లో విజయవాడ వైపు వెళ్ళే రైలెక్కితే, కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక, ఖమ్మం ఇంకా రాకముందే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం వైపు వెళ్ళే లైను అక్కడ చీలుతుంది. మనలో చాలామందికి ఆ ఊరితో పరిచయం అంతవరకే. క్రాసింగ్ కోసం బండి ఆగితే విసుక్కుంటాం, ఓ టీ తాగుతాం, మళ్ళీ ఫోన్లో తల దూరుస్తాం.

వందేళ్ళ కిందట పరిస్థితి వేరు. లండన్, ఎడిన్‌బరో, న్యూయార్క్ నగరాల్లో చర్చి వ్యవహారాలు తెలిసినవాళ్ళకి డోర్నకల్ బాగా పరిచయమున్న పేరు. అప్పటికి నిజాం రాజ్యంలో ఒక మూలన ఉన్న ఈ చిన్న ఊరికి ఆ పేరు తెచ్చిన మనిషి తెలుగువాడు కాదు, తెల్లవాడు అంతకంటే కాదు. తిరునెల్వేలి తాటితోపుల నడుమ పుట్టిన ఒక తమిళుడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు. 1912 నుంచి 1945లో చనిపోయేదాకా డోర్నకల్ ఆయన పీఠం.

'మొట్టమొదటి' అనే మాటతో మొదలయ్యే జీవిత చరిత్రలంటే నాకు కాస్త అనుమానం. అవి చాలావరకు శిలాఫలకాల్లా ఉంటాయి, చదివాక మనిషి గుర్తుండడు. అజరయ్య విషయంలో నన్ను పట్టుకున్నది ఆయన పదవి కాదు, ఆయన జీవితమంతా వెంటాడిన ఒక ప్రశ్న. సమానులు కాని మనుషుల మధ్య స్నేహం సాధ్యమేనా? ఒకడు జీతమిచ్చేవాడు, ఇంకొకడు తీసుకునేవాడు. ఒకడు పాలించే జాతివాడు, ఇంకొకడు పాలనలో ఉన్నవాడు. ఒకడు ఊళ్ళో ఉండేవాడు, ఇంకొకడు వాడలో ఉండేవాడు. వీళ్ళు స్నేహితులు కాగలరా? ఈ ప్రశ్నని ఆయన తెల్లవాళ్ళని నిలదీసి అడిగాడు. పాతికేళ్ళ తర్వాత అదే ప్రశ్న ఇంకో రూపంలో ఆయన ముందుకే వచ్చింది. అప్పుడు ఆయన దగ్గర జవాబు లేదు.

*

అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి చర్చికి పాస్టరు. వాళ్ళది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు గీయడం, బెల్లం వండడం ఆ కులంలో చాలామందికి బతుకుతెరువు. మన దగ్గర గౌడలు, ఈడిగలు చేసిన పనికి దగ్గర. కానీ తిరునెల్వేలి వైపు వాళ్ళ మీద ఉన్న కట్టుబాట్లు మరీ కఠినం. ఆడవాళ్ళు రవిక తొడుక్కోవడానికి కూడా తిరువాన్కూరులో దశాబ్దాల పోరాటం జరిగింది. గుడిలోకి రానివ్వకపోతే నాడార్లు కోర్టుకెక్కారు. కముది గుడి కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1908లో వాళ్ళకి వ్యతిరేకంగా తేలింది. అప్పటికి అజరయ్యకి ముప్పై నాలుగేళ్ళు. గుమ్మం బయట నిలబడటమంటే ఏమిటో ఈ మనిషికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన పనిలేదు.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, డిగ్రీ చేతికి రాకుండానే బయటికొచ్చి, 1895లో వైఎంసీఏలో కార్యదర్శిగా చేరాడు. మరుసటి ఏడాది అమెరికా నుంచి షెర్వుడ్ ఎడ్డీ అనే కుర్రవాడు దిగాడు. యేల్‌లో చదివినవాడు, ఉన్న కుటుంబం నుంచి వచ్చినవాడు. వచ్చీ రాగానే తమిళం నేర్చుకున్నాడు. ఇద్దరూ కలిసి దక్షిణాది ఊళ్ళన్నీ తిరిగారు, సభల్లో మాట్లాడారు, కలిసి ప్రార్థించారు, వాదించుకున్నారు. ఈ స్నేహం జీవితాంతం నిలిచింది. తెల్లవాడితో స్నేహం అసాధ్యమేమీ కాదని అజరయ్యకి అనుభవం మీద తెలుసు. ఆయన కోపానికి మూలం కూడా అదే అనిపిస్తుంది. సాధ్యమైనది జరగకపోతేనే కదా బాధ.

1902లో ఆయన యాఫ్నా వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సముద్రం దాటించి ఇండియాకి ప్రచారకుల్ని పంపుతున్నారు. తిరునెల్వేలిలో అంతకంటే ఎంతో పెద్ద సంఘం ఉంది, కానీ ప్రతిదానికీ దొరల వైపే చూస్తోంది. ఈ తేడా ఆయన్ని కుదిపింది. ఇంటికొచ్చి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని పెట్టించాడు. డబ్బు మనది, మనుషులు మనవాళ్ళు, నడిపేదీ మనమే అన్నది దాని పద్ధతి. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్లోని సీరాంపూర్‌లో పుట్టిన నేషనల్ మిషనరీ సొసైటీలోనూ ఆయనది ముఖ్యమైన చెయ్యి. స్వదేశీ ఉద్యమం బెంగాల్‌ని ఊపేస్తున్న సంవత్సరం అది. విదేశీ బట్టలు వద్దని వీధుల్లో అంటున్నప్పుడే, విదేశీ డబ్బు లేకుండా మన చర్చి మనం నడుపుకోలేమా అని వీళ్ళు అడిగారు.

తిరునెల్వేలివాళ్ళు పని మొదలుపెట్టడానికి ఎంచుకున్న చోటు తెలుగుదేశం, డోర్నకల్ ప్రాంతం. ఇంకొకర్ని వెళ్ళమని చెప్పి తాను పట్నంలో కూర్చోవడం అజరయ్యకి నచ్చలేదు. దేశమంతటా పేరు తెచ్చిన ఉద్యోగం వదిలి 1909లో గురుపట్టం తీసుకుని, భార్య అంబుతో కలిసి డోర్నకల్ చేరాడు. ముప్పై ఐదేళ్ళ వయసులో ఓనమాలు దిద్ది తెలుగు నేర్చుకున్నాడు. నిజాం రాజ్యంలో తమిళుడు పరాయివాడే. భాష వేరు, తిండి వేరు. ఇంకొకరి ఊళ్ళో పరాయివాడిగా ఉండటమంటే ఏమిటో, మిషనరీల్ని విమర్శించబోయే ముందు ఆయన కూడా కొంత రుచి చూశాడు.

*

1910 జూన్, స్కాట్‌లాండ్‌లోని ఎడిన్‌బరో. ప్రపంచ మిషనరీ మహాసభ. వచ్చిన ప్రతినిధులు సుమారు 1,200 మంది. వాళ్ళలో ఆసియా నుంచి వచ్చినవాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ఎవరి దేశాల్లో పని జరుగుతోందని సభ పెట్టుకున్నారో వాళ్ళు సభలో దాదాపు లేరన్నమాట. విదేశీ మిషనరీలూ స్థానిక కార్యకర్తలూ కలిసి పనిచేయడం గురించి మాట్లాడమని అజరయ్యని అడిగారు. పొగడ్తలతో సరిపెట్టి దిగిపోయినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఆయన అలా చేయలేదు. పదేళ్ళుగా దేశమంతా తిరిగాను, రకరకాల మిషన్లు చూశాను, తెల్ల మిషనరీకీ భారతీయ కార్యకర్తకీ మధ్య ఉండాల్సిన సంబంధం లేదు, ఒక ఎడం ఉంది, మనసు విప్పి మాట్లాడుకోవడం లేదు, అని చెప్పాడు. తొలినాటి మిషనరీలు తండ్రుల్లా ఉంటే అప్పటి విశ్వాసులు పిల్లల్లా ఉండి సంతోషపడ్డారు. ఇప్పుడొచ్చే కుర్ర మిషనరీలకి కూడా తండ్రులు కావాలనే ఉంది, కానీ ఇక్కడ పిల్లలుగా ఉండటానికి ఎవరూ సిద్ధంగా లేరు అన్నాడు. ఒకరు జీతం చెల్లించే యజమాని, ఒకరు నౌకరు అన్నట్టుగా ఉన్నంతకాలం కలిసి పనిచేయడం కుదరదన్నాడు. షేక్‌హ్యాండ్లు, కుర్చీలు, టీలు, డిన్నర్లు వాటికోసమే అడగడం లేదు, కానీ అవి స్నేహానికి గుర్తులైతే అవన్నీ కావాలి, ఇంకా ఎక్కువే కావాలి అన్నాడు. చివర్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం పదమూడో అధ్యాయాన్ని ఆధారం చేసుకుని, మీరు మా బీదలకి ఆస్తులిచ్చారు, మాకోసం ప్రాణాలూ ఇచ్చారు, మేం అడుగుతున్నది ప్రేమ, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని ముగించాడు.

ఆ అధ్యాయం సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చినదే. ఆస్తి అంతా పంచినా, శరీరాన్ని కాల్చుకోనిచ్చినా, ప్రేమ లేకపోతే లాభం లేదన్నది అక్కడి మాట. దాన్ని పాటించమని ఊరూరా బోధించినవాళ్ళకి, ఒక శిష్యుడు లేచి నిలబడి మీ పాఠమే మీకు అప్పజెప్పాడు. చాలామందికి కోపం వచ్చింది. కొందరు సిగ్గుపడ్డారు. ఇప్పుడు ఆ మహాసభ గురించి ఎవరు రాసినా, ఆ చివరి మాటని గుర్తుచేయకుండా రాయలేరు.

ఈ ప్రసంగంలో నాకు నచ్చేది, కుర్చీ గురించీ టీ గురించీ మాట్లాడటానికి ఆయన మొహమాటపడకపోవడం. అవమానం పెద్ద సిద్ధాంతాల్లో ఉండదు. ఎవరి వాకిట్లో ఎక్కడ నిలబడాలి, ఎవరి గ్లాసు వేరుగా పెడతారు, ఎవర్ని 'రండి' అంటారు, ఎవర్ని 'రా' అంటారు, వీటిలో ఉంటుంది. మన ఊళ్ళు తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

*

అప్పటి మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్. తత్వవేత్త ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కి అన్న. గ్రామదేవతల మీద ఆసక్తితో తెలుగు పల్లెల్లో ఎల్లమ్మ, పెద్దమ్మ, అంకమ్మల జాతరల వివరాలు సేకరించి 1916లో పుస్తకం వేసిన మనిషి. తన డయాసిస్ మరీ పెద్దదైపోయింది, తెలుగు ప్రాంతంలో సంఘాలు వేగంగా పెరుగుతున్నాయి. అక్కడికి ఒక భారతీయుణ్ణి బిషప్పుగా వేయాలని ఆయన పట్టుపట్టాడు, అజరయ్య పేరు చెప్పాడు.

అభ్యంతరాలు అన్ని వైపుల నుంచీ వచ్చాయి. నల్లవాడి కింద తెల్ల పాస్టర్లు పనిచేస్తారా అని కొందరు ఇంగ్లీషువాళ్ళు. కొందరు మిషనరీలు ఇంకా సమయం రాలేదన్నారు. ఆ సమయం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు, అదొక పాత ఎత్తుగడ. భారతీయ క్రైస్తవుల్లోనూ అందరూ సంతోషించలేదు. కింది కులంవాడు బిషప్పేమిటని కొందరు, తమిళుడు మనకి బిషప్పేమిటని కొందరు. వైట్‌హెడ్ వెనక్కి తగ్గలేదు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్లో అజరయ్యకి బిషప్పుగా అభిషేకం జరిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వైట్‌హెడ్ లాంటి స్నేహితుడు లేకపోతే అజరయ్య బిషప్పు అయ్యేవాడు కాదు. అధికారం చేతిలో ఉన్న మనిషి తన అధికారంలో కొంత వదులుకోవడం, ఆ స్నేహానికి అసలు రుజువు. కానీ అది ఒక మనిషి చేసిన పని, వ్యవస్థ చేసింది కాదు. అందుకే ఆ తలుపు ఆయన వెనకే మూసుకుపోయింది. 1912 తర్వాత ముప్పై రెండేళ్ళపాటు, అంటే అజరయ్య చనిపోయేదాకా, ఒక పూర్తి ఆంగ్లికన్ డయాసిస్‌కి అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయనొక్కడే. సహాయక బిషప్పులుగా ఒకరిద్దరు వచ్చారు తప్ప, రెండో అజరయ్యని రానివ్వలేదు.

*

మొదట్లో చాలా చిన్నదైన డోర్నకల్ డయాసిస్‌లో 1920ల మొదట్లో కృష్ణా జిల్లా మొదలుకొని మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు ప్రాంతాలు చాలా కలిశాయి. ఎవరు పనిచేస్తారని అడిగారో ఆ ఇంగ్లీషు మిషనరీలే ఆయన కింద పనిచేశారు. ఎడ్లబండి మీద, తర్వాత కారులో, రోడ్డు లేని చోట నడిచి, ఆయన పల్లెలు తిరిగాడు. 1930లు వచ్చేసరికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. దాదాపు అందరూ మాలలు, మాదిగలు.

వెట్టిచాకిరీ, అప్పు, ఊరి చివర గుడిసె, అక్షరం ముక్క రానివ్వని కట్టుబాటు. వీటి మధ్య వాడలో ఒక తాటాకుల బడి లేచింది. అదే పగలు బడి, సాయంత్రం ప్రార్థన మందిరం. అందులో పంతులు, ఉపదేశి ఒక్కడే. అజరయ్య పద్ధతంతా ఈ చిన్న మనిషి మీద ఆధారపడింది. డోర్నకల్లో పల్లె పంతుళ్ళకీ పాస్టర్లకీ శిక్షణ పెట్టాడు. వాళ్ళతోపాటు వాళ్ళ భార్యలకీ చదువు చెప్పారు, ఆ పని అంబు చూసుకునేది. దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో కాలేజీ మెట్టెక్కిన తొలితరం మనిషి ఆమె. బిషప్పు భార్యగా చరిత్రలో ఒక వాక్యంలో వచ్చిపోయే ఆమె గురించి ఇంకా చాలా రాయాల్సి ఉంది.

బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత ఆయన ఒక పని చేయించేవాడు. ఎవరి తల మీద వాళ్ళే చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందాను, ఈ సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలకాలి. నిన్నటిదాకా ఊళ్ళోవాళ్ళ ముందు నోరు విప్పే హక్కులేని మనిషిని, నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది, చెప్పకపోతే తప్పు నీదే అనడం. మతం సంగతి పక్కన పెట్టి చూసినా ఇది చిన్న విషయం కాదు. అలాగే ఇవ్వడం గురించి. 'క్రిస్టియన్ గివింగ్' అని ఆయన రాసిన పుస్తకం ప్రపంచంలో చాలాచోట్ల చదివారు. తెలుగు సంఘాల్లో పెద్దవాళ్ళకి ఇప్పటికీ గుర్తుండే అలవాటు ఒకటుంది: అన్నం వండేముందు ఆ ఇంటి ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్తుంది. తీసుకునేవాడు ఎప్పటికీ స్నేహితుడు కాలేడు, ఇవ్వగలిగినవాడే సమానుడు. ఎడిన్‌బరోలో అడిగిన దానికి డోర్నకల్లో ఆయన వెతికిన దారి ఇదే అనుకుంటాను.

డోర్నకల్ వెళ్తే ఎపిఫనీ కెథడ్రల్ చూడండి. కట్టడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదుల్ని గుర్తుచేసే గుమ్మటాలు, మధ్యలో సిలువ. అదే తెలుగు నేల మీద అంతకు పదిహేనేళ్ళ ముందు పూర్తయిన మెదక్ చర్చి పక్కన పెట్టి చూస్తే తేడా కనబడుతుంది. మెదక్‌లో ఇంగ్లండ్‌ని ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు, డోర్నకల్లో ఇక్కడున్నవాటితోనే కట్టుకున్నారు. పాటలూ అంతే. పల్లె పండుగలు, కోత పండుగలు, కథాగానం, తెలుగు కీర్తనలు ఆయన ఆరాధనలోకి తెచ్చాడు. అలాగని పల్లెని నెత్తిన పెట్టుకున్న మనిషి కాదు. తాగుడు మీద, బాల్య వివాహాల మీద మహా కఠినంగా ఉండేవాడు. ఆయన క్రమశిక్షణలో విక్టోరియా కాలపు ఇంగ్లండ్ వాసన కూడా గట్టిగానే ఉంది.

*

ఇక రెండో సమస్య. తెలుగు క్రైస్తవం అప్పటికి ఒక వింత పటం. ఒంగోలు, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులవి. గుంటూరు, రాజమండ్రి లూథరన్లవి. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. కడప వైపు లండన్ మిషన్. మచిలీపట్నం, ఖమ్మం వైపు ఆంగ్లికన్లు. పాలమూరులో మెన్నొనైట్లు. ఒకరి హద్దులోకి ఇంకొకరు పోకూడదని మిషన్ల మధ్య ఒప్పందాలు. అంటే మీ ముత్తాత ఏ నమ్మకంవాడన్నది ఆయన ఏ జిల్లాలో పుట్టాడన్నదాన్ని బట్టి తేలేది. ఐరోపాలో పదహారో శతాబ్దంలో జరిగిన తగాదాల వల్ల, ఇక్కడ ఒక మాదిగ పల్లెవాడు ఏరు దాటి పెళ్ళికెళ్తే అక్కడి చర్చిలో ప్రభువు బల్లకి చెయ్యి చాపలేకపోవచ్చు.

1919 మే నెల మొదట్లో తరంగంబాడిలో, లూథరన్ మిషనరీ జీగెన్‌బల్గ్ 1706లో దిగిన ఆ సముద్రపుటొడ్డునే, 33 మంది సమావేశమయ్యారు. కొందరు ఆంగ్లికన్లు, ఎక్కువమంది ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అప్పటికే కలిసి ఏర్పడిన దక్షిణ భారత ఐక్య సంఘానికి చెందినవాళ్ళు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆ ఇద్దరిలో ఒకడు పాత మిత్రుడు ఎడ్డీ. మన చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, వాటిని మనం మోయక్కర్లేదు, ఒక్క సంఘంగా కలుద్దాం అని ప్రకటన చేశారు. బిషప్పు పదవి ఉన్నవాళ్ళూ, దాన్ని తిరస్కరించి విడిపోయినవాళ్ళూ ఒకటి కావడమనేది అప్పటిదాకా ఎక్కడా జరగలేదు.

1927లో స్విట్జర్లండ్‌లోని లోజాన్ మహాసభలో అజరయ్య ఈ మాటే పడమటివాళ్ళకి చెప్పాడు. మీకు ఐక్యత ఒక మంచి ఆదర్శం కావచ్చు, మాకది ప్రాణావసరం; మీ దగ్గర చీలికలు బలహీనత, మా దగ్గర అవి పాపం, అపవాదు అన్నది దాని సారాంశం. కానీ చర్చలు ఏళ్ళ తరబడి సాగాయి. ఎవరు ఎవరి చేతుల మీదుగా అభిషేకం పొందాలి, బిషప్పు చెయ్యి పడని పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా? ఇంగ్లండులో ఆంగ్లో-కాథలిక్ వర్గం ఈ పథకం మీద మండిపడింది. సాహిత్యం చదివేవాళ్ళకి ఒక ఆశ్చర్యం: 1943లో, రెండో ప్రపంచయుద్ధం నడిమధ్యలో, టి. ఎస్. ఎలియట్ పనిగట్టుకుని ఈ దక్షిణ భారత ఐక్యతా పథకానికి వ్యతిరేకంగా ఒక కరపత్రమే రాశాడు. దాని పేరుకి అర్థం 'విధ్వంసం ద్వారా పునరేకీకరణ'. 'ది వేస్ట్ లాండ్'లో ఉపనిషత్తు మాటలతో శాంతి కోరిన కవికి, తెలుగు, తమిళ పల్లెల క్రైస్తవులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటామంటే అది విధ్వంసంలా కనబడింది. ఆయనకి సిద్ధాంతపరమైన కారణాలున్నాయి, కాదనను. కానీ లండన్ నుంచి చూస్తే కనబడనిది ఒకటుంది, అది డోర్నకల్ నుంచి కనబడుతుంది.

*

అజరయ్యకి దొరకని స్నేహం ఒకటుంది. గాంధీది. పైకి చూస్తే ఇద్దరూ కలవాల్సినవాళ్ళే. ఇద్దరిదీ పల్లె, నిరాడంబరత, మద్య నిషేధం, అంటరానితనం మీద పోరు. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య గట్టిగా అన్నాడు, మేం విడిగా ఓటేసే ముక్క కాదు, దేశంలో భాగమన్నాడు. అయినా మతం మార్చడం దగ్గర ఇద్దరికీ పడలేదు. 1936 చివర్లో గాంధీ, అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, హరిజనులకి సువార్త చెప్పడం ఆవుకి చెప్పడంలాంటిదన్న అర్థం వచ్చే మాట అన్నాడు. ఏ మతం గొప్పదో ఎంచుకునే తెలివి వాళ్ళకి లేదన్నది ఆయన ఉద్దేశం. వాళ్ళ అమాయకత్వాన్ని వాడుకోవద్దనేది గాంధీ బాధ అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. కానీ వాడలో బతికినవాడికి అది ఎలా వినిపిస్తుంది? మనిషికి తన దేవుణ్ణి తాను ఎంచుకునే బుద్ధి ఉందనే నమ్మకం మీదే అజరయ్య పని మొత్తం నిలబడింది. చరిత్రకారిణి సుసాన్ బిలింగ్టన్ హార్పర్ 2000లో ఆయన మీద రాసిన పెద్ద పుస్తకానికి 'మహాత్ముడి నీడలో' అనే అర్థమొచ్చే పేరు పెట్టింది ఊరికే కాదు. జాతీయోద్యమ కథలో అజరయ్య కనబడకపోవడానికి ఈ తగాదా కూడా ఒక కారణం.

ఇక అంబేడ్కర్. హిందువుగా పుట్టాను కానీ హిందువుగా చావనని 1935 అక్టోబర్‌లో యేవలాలో ఆయన ప్రకటించాక, అన్ని మతాలవాళ్ళూ ఆయన వైపు చూశారు. అజరయ్య ఆయన్ని కలిశాడు. ఆ కలయిక గురించి అజరయ్య తర్వాత చెప్పుకున్నట్టుగా ఒక సంగతి నమోదై ఉంది. అంబేడ్కర్ రెండు ప్రశ్నలు వేశాడు. మావాళ్ళు దేశమంతా చెదిరి ఉన్నారు. మేం క్రైస్తవులమైతే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉండనిస్తారా, లేక ఊరికో శాఖగా చీలుస్తారా? మీ చర్చిలో మాకు కుల వివక్ష పూర్తిగా పోతుందా? అజరయ్య దగ్గర జవాబు లేదు. జీవితంలో అంతగా సిగ్గుపడింది ఎప్పుడూ లేదని, తల దించుకుని వచ్చేశానని ఆయన చెప్పాడట.

ఎడిన్‌బరోలో తెల్లవాళ్ళని నిలదీసినవాడు, ఇక్కడ నిలదీయబడ్డాడు. అప్పుడు ఆయన గుమ్మం బయట నిలబడి అడిగాడు. ఇప్పుడు గుమ్మం లోపల, బిషప్పు అంగీలో ఉన్నాడు. మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా కూర్చునే ఊళ్ళు ఆయన డయాసిస్‌లోనే ఉన్నాయని ఆయనకి తెలుసు. వాటితో ఎంత కొట్లాడినా పోలేదనీ తెలుసు. అబద్ధం చెప్పి ఒప్పించే అవకాశం ఉంది. రెండు ప్రశ్నలకీ 'అవును' అనేస్తే సరిపోయేది. అనలేదు. నాకు ఆయన అన్ని విజయాలకంటే ఈ ఓటమి మీద గౌరవం ఎక్కువ. స్నేహానికి మొదటి షరతు నిజం చెప్పడమైతే, ఆ రోజు ఆయన అంబేడ్కర్‌కి స్నేహితుడిగానే ప్రవర్తించాడు.

*

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్లో చనిపోయాడు. 1947 సెప్టెంబర్ 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అని పిలిచేది, పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. దేశం రెండు ముక్కలవుతున్న నెలల్లో, ఉత్తరాన రైళ్ళ నిండా శవాలు వస్తున్న రోజుల్లో, ఇక్కడ కొందరు నాలుగు వందల ఏళ్ళ విడాకుల్ని రద్దు చేసుకున్నారు. అంబేడ్కర్ మొదటి ప్రశ్నకి ఇది సగం జవాబు. సగమే, ఎందుకంటే తెలుగు బాప్టిస్టులు, లూథరన్లు కలవలేదు. ఆయన డయాసిస్‌లోనే నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది చాలా ఏళ్ళు బయటే ఉండిపోయారు.

రెండో ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులంవాడు కాడు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ హోదా దక్కింది, క్రైస్తవులకి, ముస్లింలకి దక్కలేదు. మతం మారితే కులం పోయినట్టేనని చట్టం అంటుంది. కానీ తెలుగు ఊళ్ళలో ఏ చర్చి ఎవరిదో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. చర్చి ఎన్నికల్లో ఏ ప్యానెల్ వెనక ఏ కులముందో, పెళ్ళి సంబంధం దగ్గర ఏం అడుగుతారో లోపలివాళ్ళకి తెలుసు.

అజరయ్య సాధించింది ఎక్కువా తక్కువా అని లెక్కేసే పని నాది కాదు. కానీ ఆయన అడిగిన వస్తువు మీద మాత్రం ఆలోచిస్తూ ఉంటాను. హక్కులు అడగొచ్చు, డబ్బు అడగొచ్చు, పదవి అడగొచ్చు. ఇవి ఇచ్చేవాడు ఇచ్చి తన ఇంట్లో తాను ఉండొచ్చు. స్నేహం అడిగితే అలా కుదరదు. ఇచ్చేవాడు లేచి రావాలి, పక్కన కూర్చోవాలి, ఒక కంచంలో చెయ్యి పెట్టాలి, తాను కూడా మారాలి. అందుకే అది అన్నిటికంటే ఖరీదైన కోరిక. ఎడ్డీ, వైట్‌హెడ్ లాంటి కొందరు దాని వెల చెల్లించారు. మిగతావాళ్ళు సభలో చప్పట్లు కొట్టి ఇళ్ళకెళ్ళారు.

ఈసారి బండి డోర్నకల్లో ఆగితే ఒక్కసారి కిందికి దిగి చూడండి.